పాత డ్రమ్ములు - పైపూతల సంగతులు

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



పోయినసారి ఇదే వేదిక మీద డాక్టరుగారు మోకాళ్ల నొప్పుల గురించి చెప్పారు. అంతకుముందు బ్యాంకువారు వచ్చి ఫ్యామిలీ పెన్షను, నామినేషను గురించి చెప్పారు. ఈసారి మనసుకు కాస్త ఆటవిడుపుగా ఉండే విషయం ఏదైనా మాట్లాడమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. నాకు తెలిసినవి రెండే రెండు. లాలాగూడ క్యారేజ్ వర్క్‌షాపు పెయింట్ షాపులో 36 సంవత్సరాలు పనిచేశాను కనుక రంగుల సంగతి కొంత తెలుసు. సాయంత్రాలు ఇన్‌స్టిట్యూట్‌లో బ్యాండు వెనకాల నిలబడి, అసలు డ్రమ్మరు డ్యూటీలో ఇరుక్కుపోయిన రోజున ఆ స్టూలు మీద కూర్చున్నవాణ్ణి కనుక డ్రమ్ముల సంగతి కొంత తెలుసు. ఈ రెండూ కలిసే చోటు పాత డ్రమ్ సెట్ల పైపూత. దాని గురించే నాలుగు మాటలు చెబుతాను.

ఇదంతా మనకెందుకని కొందరు అనుకోవచ్చు. లాలాగూడ, కాజీపేట, బిట్రగుంట వంటి రైల్వే కాలనీల్లో క్రిస్మస్‌కీ, కొత్త సంవత్సరానికీ ఇన్‌స్టిట్యూట్‌లో డాన్సులు జరిగిన కాలం మనలో చాలామందికి గుర్తుంది. ఆంగ్లో ఇండియన్ కుటుంబాల వారు వాయించేవారు, మనవాళ్లూ కొందరు నేర్చుకున్నారు. ఆ రోజుల్లో కొన్న డ్రమ్ సెట్లు ఇవాళ అటకల మీద, ఔట్ హౌసుల్లో, పాత సిమెంటు సంచుల కింద పడి ఉన్నాయి. కొన్నవారు కాలం చేశారు. పిల్లలు ఆస్ట్రేలియాలోనో కెనడాలోనో ఉన్నారు. ఇల్లు ఖాళీ చేసే రోజున ఆ సెట్టు కిందికి దిగుతుంది. దిగాక పాత ఇనుము వాడికి తూకానికి వేస్తారు, లేకపోతే ఎమెరీ పేపరుతో రుద్ది నల్లరంగు కొట్టిస్తారు, అదీ కాకపోతే ముక్కూ మొహం తెలియనివాడు ఫోనులో చెప్పిన మాట నమ్ముతారు. మూడింట్లోనూ నష్టం ఇంటివాళ్లదే.

అసలు డ్రమ్ముకు పైపూత ఎలా వేస్తారో ముందు చెప్పాలి. పల్చటి చెక్క పొరలను అతికించి గుండ్రంగా వంచితే డొల్ల తయారవుతుంది. దానికి అందం రెండు రకాలుగా తెస్తారు. ఒకటి రంగు కొట్టడం, రెండోది పైన ఒక రేకు చుట్టడం. రేకు అంటే లోహం కాదు, ప్లాస్టిక్ వంటి పల్చటి షీటు.

రంగు సంగతి మనకు దగ్గరిది. అమెరికాలో డ్యుపాంట్ కంపెనీవారు 1923లో డ్యూకో అనే లాకర్‌ను మార్కెట్లోకి తెచ్చారు. అంతకుముందు కారు బాడీకి వార్నిషు పూతలు వేసి ఆరబెట్టాలంటే వారాలు పట్టేది. డ్యూకో వచ్చాక గన్‌తో కొట్టడం, గంటల్లో ఆరడం. ఆ పేరు మన దేశంలో ఎంత పాతుకుపోయిందంటే, బీరువాకు ఎవరు ఏ పెయింటు కొట్టినా డ్యూకో పెయింటింగ్ అనే అన్నాం. ఆ డ్యూకోనే షికాగోలో లుడ్విగ్ వంటి కంపెనీలు డ్రమ్ములకూ కొట్టాయి. మధ్యలో వెండి పట్టీ, పైనా కిందా నీలం. లేదా మధ్యలో బంగారు వన్నె, అంచులకు నలుపు. అలాంటి సెట్టును మా అబ్బాయి ఉండే షికాగో దగ్గర, ఏటా జరిగే పాత డ్రమ్ముల ప్రదర్శనలో మొదటిసారి దగ్గరగా చూశాను. నీలం ఎక్కడ ఆగిందో, వెండి ఎక్కడ మొదలైందో గీత గీసి చెప్పలేం. గన్‌ను ఎంత దూరంలో పట్టుకోవాలో, చెయ్యి ఎంత వేగంగా జరగాలో తెలిసినవాడి పని అది. మన షాపులో అలాంటి చెయ్యి ఉన్నవాళ్లు ఇద్దరే ఇద్దరుండేవారు. తర్వాతి కాలంలో ఎవరో మళ్లీ కొట్టినదైతే ఆ అంచు దగ్గరే బయటపడుతుంది. అయితే పట్టీ టేపు పెట్టి కోసినట్టు ఉంటుంది, లేదంటే చుక్కలు చుక్కలుగా తేలుతుంది.

ఇక చుట్టే షీటు. 1920ల నుంచి అమెరికాలో డ్రమ్ములకు సెల్యులాయిడ్ షీట్లు చుట్టడం మొదలైంది. పాత సినిమా రీళ్లు, పాత దువ్వెనలు, బొమ్మలు, 2014 దాకా టేబుల్ టెన్నిస్ బంతులు అన్నీ దీనితో చేసినవే. దూదిలో ఉండే సెల్యులోజ్‌ను నైట్రిక్ ఆమ్లంతో మార్చి, కర్పూరం కలిపి చేస్తారు. అందులో చేప పొలుసుల నుంచి తీసిన మెరుపు పదార్థం కలిపితే ముత్యపు చిప్ప నిగనిగ వచ్చేది. చమ్కీ పొడి చల్లి పైన పారదర్శకమైన పొర వేస్తే తళుకుల షీటు అయ్యేది. ఆ ముత్యపు మెరుపు సరుకుతోనే అమెరికాలో కమోడ్ సీట్లు కూడా చేసేవారు. అందుకని అక్కడి డ్రమ్మర్లు ఆ పైపూతను నేటికీ 'టాయిలెట్ సీటు ముత్యం' అని ఎగతాళిగా పిలుస్తారు. జీన్ క్రూపా అంతటివాడు 1930లలో స్లింగర్లాండ్ కంపెనీ తెల్ల ముత్యపు సెట్టు వెనక కూర్చుని బెన్నీ గుడ్‌మన్ బ్యాండులో దేశమంతా ఊపేశాడు. ఆ తెలుపును చూసి ఎన్ని వేలమంది కొనుక్కున్నారో. దాని చుట్టం స్నానాల గదిలో ఉందంటే ఎవరు పట్టించుకుంటారు?

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. సెల్యులాయిడ్‌కు వయసు వస్తుంది. పైనున్న పారదర్శకపు పొర ఎండకూ గాలికీ పచ్చబడుతుంది. పెయింటు పని తెలిసినవాళ్లకు ఆ తర్వాత ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. నీలం మీద పసుపు పడితే ఆకుపచ్చ. తెలుపు మీద పడితే మీగడ రంగు, ఇంకా ముదిరితే తేనె రంగు. వెండి చమ్కీ మీద పడితే లేత బంగారం. కంపెనీ కేటలాగులో ఎన్నడూ లేని ఆకుపచ్చ సెట్టు ఒకటి కనబడగానే 'అబ్బో, ఇది ప్రత్యేకంగా ఆర్డరిచ్చి చేయించినది' అని అమ్మేవాడు అంటాడు. అది కిటికీ పక్కన 40 ఏళ్లు కూర్చున్న మామూలు నీలం సెట్టు కావచ్చు.

దీన్ని తేల్చే పద్ధతి చాలా సులువు. డ్రమ్ము పక్కన తోలును బిగించే బోల్టులు దిగే చిన్న లోహపు బిళ్లలుంటాయి, లగ్గులంటారు. లోపలివైపు నుంచి ఒకటో రెండో స్క్రూలు విప్పితే ఆ లగ్గు ఊడి వస్తుంది. దాని కింద ఎండ ఎన్నడూ పడలేదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రంగు అక్కడ అలాగే ఉంటుంది. షికాగో ప్రదర్శనలో నేను చూసింది ఇదే. కొనడానికి వచ్చిన పెద్దమనుషులు ముందు వాయించి చూడరు. జేబులోంచి టార్చి తీస్తారు, స్క్రూడ్రైవరు తీస్తారు, అమ్మేవాడి అనుమతి అడిగి ఒక లగ్గు విప్పుతారు. పెళ్లిచూపుల్లో అమ్మాయిని పాట పాడమనడానికి బదులు జడ విప్పి చూసినట్టు నాకు మొదట తోచింది. తర్వాత అర్థమైంది, వాళ్లు ధర కాదు, నిజం వెతుకుతున్నారని.

రెండేళ్ల కిందట మన కాలనీలోనే ఇది అక్కరకొచ్చింది. ఒక గార్డుగారు ఉండేవారు, పేరు చెప్పను, వయసున్నవాళ్లకు తెలుస్తుంది. వారి భార్యకు 80 దాటాయి. మేమంతా ఆంటీ అంటాం. ఆమెను కూతురు పెర్త్ తీసుకువెళ్తోంది. ఔట్ హౌసులో ఆయన డ్రమ్ సెట్టు ఉంది, ఇంగ్లండులో చేసిన ప్రీమియర్. 1922లో లండన్‌లో మొదలై తర్వాత లెస్టర్ ప్రాంతానికి మారిన కంపెనీ అది. చూడటానికి లేత బంగారు చమ్కీ రంగు. మనవడు దాన్ని గీకేసి నల్లరంగు కొట్టిద్దామంటున్నాడు. ఒక వ్యాపారి వచ్చి, రంగు పోయిన సరుకు, కర్ర విలువే ఇస్తానన్నాడు. ఇంకొకడు ఫొటో చూసి ఫోనులో, ఇది ప్రపంచంలో ఎక్కడా లేని బంగారు పూత, నాకు తప్ప ఎవరికీ చూపించకండి అన్నాడు. ఆంటీ నన్ను పిలిపించి, "నీవు రంగులవాడివి కదా బాబూ, వీళ్లలో ఎవడు అబద్ధం చెబుతున్నాడో చూడు" అంది.

ఒక లగ్గు విప్పాను. కింద చందమామలాంటి వెండి. బంగారం కాదు. అంటే అది అరుదైన రంగు కాదు. కానీ నాలుగు డ్రమ్ములూ ఒకే విధంగా పచ్చబడ్డాయి, ఒక్క రంధ్రం కూడా అదనంగా లేదు, బ్యాడ్జీలు కదల్లేదు. అంటే అది అసలుది, ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉన్నది. ఇద్దరు వ్యాపారులదీ అబద్ధమేనని చెప్పాను. పెద్ద డ్రమ్ము తోలు తీసి టార్చి వేస్తే, లోపలి చెక్క మీద పెన్సిలుతో గార్డుగారి చేతిరాత. ఊళ్ల పేర్లు, తేదీలు. కాజీపేట, బిట్రగుంట, మళ్లీ కాజీపేట, పక్కన ఇచ్చిన రూపాయలు. ఒకచోట 'వర్షం, డబ్బు లేదు' అని. ఆంటీ కళ్లజోడు తెప్పించుకుని ఒక్కొక్కటే చదివింది. ఇన్నేళ్లూ ఆ రాత అక్కడుందని ఆమెకు తెలియదట. మనవడు ఎమెరీ పేపరు మాట మళ్లీ ఎత్తలేదు. సెట్టు ఓడలో పెర్త్ వెళ్లింది.

అందుచేత నా లెక్కలో మొదట అడగవలసింది 'అరుదైనదా' అని కాదు, 'అసలుదేనా' అని. అసలుది కానిది ఎంత అరుదైనా దాని విలువ చెప్పడం కష్టం.

అరుదు సంగతి కూడా చెప్పకుండా వదిలితే మీరు ఊరుకోరు. బీటిల్స్ బృందంలోని రింగో స్టార్ 1963లో లండన్‌లో లుడ్విగ్ సెట్టు తీసుకున్నాడు. నలుపూ తెలుపూ బూడిదరంగూ చారలుగా కలిసిన ముత్యపు చిప్ప రంగు, బ్లాక్ ఆయిస్టర్ పెర్ల్ అంటారు. అంతకుముందు అతని దగ్గర ఉన్నది గార్డుగారిలాగే ప్రీమియర్. 1964 ఫిబ్రవరి 9న అమెరికా టెలివిజన్‌లో ఎడ్ సలివన్ కార్యక్రమంలో ఆ రంగు సెట్టును 7 కోట్ల మందికి పైగా చూశారు. ఆ తర్వాత షికాగోలో లుడ్విగ్ ఫ్యాక్టరీ రాత్రింబవళ్లు నడవవలసి వచ్చింది. 2015లో రింగో సొంత సెట్టు వేలంలో 20 లక్షల డాలర్లకు పైగా పలికింది. అది మనిషికి పలికిన ధర, రంగుకు కాదు. ఆ రంగు సెట్లు కుప్పలుగా చేశారు కనుక అది అరుదు కానే కాదు. గిరాకీ ఉంది, అంతే. గిరాకీ వేరు, అరుదు వేరు.

నిజంగా అరుదైనవి ఆ రోజుల్లో ఎవరూ కొననివి. ఇది వినడానికి విడ్డూరంగా ఉంటుంది గాని ఆలోచిస్తే న్యాయమే. దుకాణంలో అమ్ముడుపోనిది కంపెనీవాడు మళ్లీ చెయ్యడు. 1960ల చివర్లో హిప్పీల కాలం వచ్చింది. లుడ్విగ్‌వాళ్లు సైకెడెలిక్ రెడ్, మాడ్ ఆరెంజ్, సిట్రస్ మాడ్ అని మూడు రంగులు తెచ్చారు. మన చీరల కొట్లో ఒకప్పుడు వచ్చిన నైలెక్స్ చీరల డిజైన్ల వంటివి, సుడులు తిరిగిన రంగులు. కొద్ది సంవత్సరాలకే ఆ మోజు తీరిపోయింది. ఇవాళ అవి కనబడితే వెతికేవాళ్లు పరుగెత్తుకొస్తారు. నాకు మాత్రం ఆ నారింజ రంగు చూస్తే తల తిరిగింది. ఆ విషయం అక్కడ పైకి అనలేదు.

న్యూయార్కు బ్రూక్లిన్‌లో 1883లో పుట్టిన గ్రెచ్ కంపెనీ 1950లలో కాడిలాక్ గ్రీన్ అని కారు రంగు పేరుతో ఒక ఆకుపచ్చ తెచ్చింది. దానికి బంగారు పూత వేసిన లగ్గులు, రింగులు. ధర ఎక్కువ కనుక కొన్నవారు తక్కువ. ఇందులో ఇంకో తిరకాసుంది. బంగారు పూత పల్చటిది. శుభ్రంగా ఉండాలని ప్రతి శనివారం తుడిచి మెరుగుపెట్టిన ఇల్లాళ్ల చేతుల్లో అది ఎప్పుడో పోయింది. తుడవని బద్ధకస్థుల ఇళ్లలోనే మిగిలింది.

1972లో లుడ్విగ్ విస్టలైట్ పేరిట గాజులాంటి పారదర్శకపు ఆక్రిలిక్ డ్రమ్ములు తెచ్చింది. లెడ్ జెప్పెలిన్ బృందపు జాన్ బోనమ్ వాయించిన తేనె రంగువి ప్రసిద్ధం. వీటికి పైపూతే లేదు, డొల్లే రంగు. వీటిలో డొల్ల చుట్టూ చిన్న చిన్న బల్బులు అమర్చిన టివోలి అనే రకం అరుదు. వినాయక చవితి పందిరి గుర్తొచ్చింది నాకు. జర్మనీలో హాంబర్గ్ నగరంలో ట్రిక్సన్ అనే కంపెనీ మొసలి చర్మంలాంటి షీట్లు చుట్టింది, ఒకవైపు నొక్కిన కోడిగుడ్డు ఆకారంలో పెద్ద డ్రమ్ము కూడా చేసింది. ద హూ బృందపు కీత్ మూన్ కోసం ప్రీమియర్‌వాళ్లు 1967లో బొమ్మలు అంటించిన సెట్టు చేశారు. ఆ బొమ్మలేమిటో సభామర్యాద రీత్యా చెప్పను. ఇలాంటివి మన అటకల మీద దొరుకుతాయని నేను ఆశ పెట్టను. ఇక్కడ దొరికేవి ఎక్కువగా ప్రీమియర్, లేకపోతే బ్యాండు సామాన్లకు పేరుపడ్డ మీరట్ సరుకు. మీరట్‌దైనంత మాత్రాన తీసిపారేయకండి. దానికి కూడా అసలు పైపూత ఉంటుంది, దాన్ని కూడా ఎవరో ఒకరు ముచ్చటపడి కొన్నారు.

షీటు మార్చారా లేదా అన్నది ఎలా తెలుస్తుంది? గాలి పోవడానికి డ్రమ్ము పక్కన ఒక చిన్న రంధ్రం ఉంటుంది. చాలా కంపెనీలు అక్కడే తమ బ్యాడ్జీ పెట్టి, బూట్ల లేసుల రంధ్రానికి ఉండేలాంటి లోహపు కన్నుతో బిగిస్తాయి. ఆ కన్ను బ్యాడ్జీనీ, షీటునీ, చెక్కనీ కలిపి పట్టుకుంటుంది. షీటు మార్చాలంటే దాన్ని ఊడదీయక తప్పదు. మళ్లీ బిగించినప్పుడు అది నలుగుతుంది, పగులుతుంది, లేదా దాని స్థానంలో కొత్తది మెరుస్తుంది. కన్ను చూస్తే సగం కథ తెలిసినట్టే. లగ్గు కింద పాత షీటు అంచు, కొత్త షీటు అంచు రెండూ కనిపిస్తే మిగతా సగం. లుడ్విగ్‌వైతే 1963 చివరి నుంచి బ్యాడ్జీ మీద నంబరు ఉంటుంది. కాలం కొంత పోల్చుకోవచ్చు. లోపలి గోడకు వేసిన రంగు కూడా సాక్ష్యమే. లుడ్విగ్ 1960లలో చాలాకాలం లోపల తెల్ల రంగు వేసింది, గ్రెచ్ వెండి రంగు వేసింది. బయట కొత్తగా, లోపల పాతగా ఉంటే అడగవలసిన ప్రశ్న ఒకటి ఉన్నట్టు. నాలుగు డ్రమ్ముల్లో మూడు వెలిసిపోయి ఒకటి నిగనిగలాడుతుంటే అది వేరే ఇంటి నుంచి వచ్చిందేమో చూడాలి. కానీ పెద్ద డ్రమ్ము మీద, పైనున్న చిన్న డ్రమ్ము నీడ పడినంత మేర రంగు ముదురుగా ఉంటే కంగారు పడకండి. అది మంచి లక్షణం. నీడను ఎవరూ పెయింటు కొట్టలేరు.

ఇక ముఖ్యమైన హెచ్చరిక. ఇంటికి వెళ్లాక ఇది మాత్రం పిల్లలకు తప్పక చెప్పండి. అసలు సెల్యులాయిడా కాదా అని తెలుసుకోవడానికి అగ్గిపుల్ల పెట్టి చూడమని చెప్పేవాళ్లున్నారు. ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. అది గుప్పున అంటుకుంటుంది, ఆర్పడం చేతకాదు. 2003 జనవరిలో పుణెలో పాత సినిమాల నైట్రేట్ రీళ్లు ఉంచిన గిడ్డంగి తగలబడింది. మన దేశపు తొలినాటి చిత్రాలు ఎన్నో బూడిదయ్యాయి. మీ అటక మీదున్నది ఆ రీళ్ల తోబుట్టువే. పరీక్ష కావాలంటే షీటు అంచున బొటనవేలుతో గట్టిగా, వేడి పుట్టేదాకా రుద్ది వాసన చూడండి. కర్పూరం వాసన లీలగా వస్తే అదే. థిన్నరు, గోళ్ల రంగు తుడిచే ద్రావకం దగ్గరకు రానివ్వకండి, షీటు కరిగిపోతుంది. తడి గుడ్డ గట్టిగా పిండి తుడవండి, చాలు. డాబా మీద ఎండలో ఆరబెట్టకండి. షీటు అసలే వయసుతో కుంచించుకుపోయి అతుకు దగ్గర నోరు తెరిచి ఉంటుంది, ఎండ తగిలితే నిలువునా చీలుతుంది. వంటగదిలో, పూజగదిలో పెట్టకండి.

అమ్మదలచుకుంటే ఏ మరమ్మతూ చేయించకుండా అమ్మండి. బ్యాడ్జీ, అతుకు, లోపలి గోడ, ఒక లగ్గు కింది రంగు, ఈ నాలుగింటికీ పగటి వెలుతురులో ఫొటోలు తీయించి, ఒకరికి కాదు ముగ్గురికి పంపండి. విప్పిన లగ్గు స్క్రూలు ఒక కవరులో వేసి అందులోనే ఉంచండి. మన ఇళ్లల్లో స్క్రూలు ఎక్కడికి పోతాయో మీకు తెలుసు.

నా సమయం అయిపోయిందని కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు. ఆ టేబుల్ మీద పాత ప్రీమియర్ లగ్గు ఒకటి, సెల్యులాయిడ్ ముక్కలు రెండు పెట్టాను. ఒక ముక్క ఎండ తగిలినది, రెండోది లగ్గు కింద దాగినది. రెండూ ఒకే షీటువి. రుద్ది వాసన చూడవచ్చు. చూశాక దయచేసి తిరిగి టేబుల్ మీదే పెట్టండి. టీ తాగుతూ సిగరెట్టు వెలిగించే అలవాటున్న మిత్రులు మాత్రం దానికి కొంచెం దూరంగా నిలబడవలసిందిగా ప్రార్థన. సెలవు.